తప్పు కట్టిన గొర్రె

ఆ గొర్రెను కొన్నది నేనే. ఎందుకు కొంటున్నానో నాకు తెలియదు. కానీ బేరమాడి, తాడు చేత్తో పట్టుకుని, మా ఎల్మీనా ఊరి బజారు వీధి పొడవునా దాన్ని ఈడ్చుకొచ్చింది మాత్రం నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే నా గుండె కాస్త తేలికపడుతుంది.

అది ఉప్పుటేరు మూసిన కాలం. మా ఊళ్ళో జూలై మొదటి మంగళవారం బకాటుయే పండగ. ఆ రోజు పూజారి మూడుసార్లు వల విసిరి ఏరు తెరిచేదాకా, అంతకుముందు ఆరు వారాలు, అందులో ఎవరూ వల వెయ్యకూడదు. డప్పు మోగకూడదు, శవం లేవకూడదు. ఆ ఆరు వారాల్లో పోయినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా ఆస్పత్రి ఐసుగదిలో పడుకుని పండగ కోసం ఎదురుచూడాల్సిందే.

మాది బ్రేమర్ ఇల్లు. రాతి మేడ. గుమ్మం మీద బ్రేమర్, పద్దెనిమిది వందల ఆరు అని చెక్కి ఉంటుంది. బ్రేమర్ అనే డచ్చి వర్తకుడు కోటలో కొలువు చేస్తూ, మా ఊరి పిల్లను ఇంట్లో పెట్టుకుని, ఆ మేడ కట్టి, నాలుగేళ్ళు తిరక్కుండానే జ్వరంతో పోయాడు. ఏం వర్తకం చేశాడని అడిగితే బంగారం, ఏనుగు దంతం అని చెబుతాం. మూడో సరుకు పేరు చెప్పం. అమ్మినవాడి పేరు గుమ్మం మీద చెక్కించుకుని, అమ్ముడైనవాళ్ళ పేరెత్తితే తల దించుకునే జాతి మాది. అప్పట్లో నాకు ఇందులో వింతేమీ కనిపించేది కాదు. నాకు ఇరవై ఆరేళ్ళు, బడిలో టీచరుని, చర్చిలో మా బెంచీ ముందు వరసలో ఉండేది.

ఇంట్లో ఇద్దరు ముసలమ్మలు. అమ్మమ్మ పేరు అబా బ్రేమర్, ఎనభై నాలుగేళ్ళు. ముక్కు సూటిగా ఉంటుందనీ, అది తెల్లతాత ముక్కనీ ఆవిడకు మహా గర్వం. ఉడికించిన అరటికాయ కూడా ఫోర్కుతో గుచ్చి, చాకుతో కోసి తినేది. రెండో ఆవిడ ఎసీ మాన్సా, అమ్మమ్మకు చెల్లెలు, మాకు చిన్నమ్మమ్మ. నన్ను కని ఏడాది తిరక్కుండా అమ్మ పోతే, నన్ను వీపున కట్టుకుని పెంచింది చిన్నమ్మమ్మే. వంట ఆవిడది, ఇల్లు ఊడవడం ఆవిడది, డచ్చి వాళ్ళ శ్మశానంలో మా సమాధికి ఏటా సున్నం కొట్టడం కూడా ఆవిడదే.

ఆ సమాధి ఒక చిన్న రాతి గది. లోపల గోడలకు అరుగులు, అరుగుల మీద పెట్టెలు. ఆ ఏడు కోటకు మరమ్మతులు మొదలయ్యాయి. మే నెలాఖరులో, ఏరు మూసిన వారమే, పాత కట్టడాలు చూసుకునే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. శ్మశానాన్ని కూడా బాగు చేస్తారట. బ్రేమర్ సమాధిలో ఇంకొక్క శవానికే అనుమతి. ఆ తర్వాత తలుపుకు సిమెంటు పోసి మూసేస్తారు.

హాల్లో నిలబడి నేనే చదివాను.

"మళ్ళీ చదువు," అంది అమ్మమ్మ.

"ఒక్కరికే అని రాశారు అమ్మమ్మా."

వంటింటి గుమ్మంలో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తున్న చిన్నమ్మమ్మ తల ఎత్తకుండానే నవ్వింది. "అయితే అక్కా, ఇక మనిద్దరికీ పరుగు పందెమే."

"నీ మొహం. నాకన్నా అయిదేళ్ళు చిన్నదానివి. వరస తప్పి ఎలా పోతావే?"

"చావుకి వరసేంటక్కా, అదేమన్నా వీధి కుళాయా?"

"నోరు ముయ్యి."

"ఎడంవైపు కింది అరుగు నాది. అది మాత్రం ఎవరికీ ఇవ్వను. పోయిన జనవరిలో సున్నం కొడుతూ ఓసారి పడుకుని కూడా చూశాను. నడుముకి చల్లగా ఉంది. సముద్రం చప్పుడు వినిపిస్తుంది తెలుసా అక్కడికి?"

అమ్మమ్మ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. నాకు నవ్వొచ్చింది. సమాధిలో చోటు కోసం ముసలమ్మలు పోట్లాడుకోవడం ఎవరికైనా నవ్వులాటగానే ఉంటుంది. మా వీధి చేపల ఆడవాళ్ళకు సంగతి తెలిసి, ఎవరు ముందని పందేలు కూడా కట్టుకున్నారు. ఎక్కువమంది అమ్మమ్మ మీదే కట్టారు.

జూన్‌లో వానలు దిగాక లెక్క తారుమారైంది. చిన్నమ్మమ్మకు దగ్గు పట్టింది. కాళ్ళు పొంగి చెప్పులు పట్టలేదు. గుండె నీరసించిందన్నాడు డాక్టరు. అమ్మమ్మ కొడుకు విలియం మామయ్య మా ఇంటికి పెద్ద. ఆయన మందులు బల్ల మీద పెట్టి, చిన్నమ్మమ్మ ముందే అన్నాడు:

"పిన్నీ, మా అమ్మని ఓడించేలా ఉన్నావే."

"ఇన్నేళ్ళూ అన్నిట్లో ఆవిడే గెలిచింది కదరా. ఇదొక్కటి నాకు వదిలెయ్యమను," అంది చిన్నమ్మమ్మ దగ్గుతూనే.

అందరం నవ్వాం. అమ్మమ్మ నవ్వలేదు. ఆ తర్వాత నాలుగైదు రోజులు గమనించాను. వంటింట్లో దగ్గు వినిపించినప్పుడల్లా అమ్మమ్మ చేతిలో ఫోర్కు ఆగిపోయేది. దగ్గు తెరిపిచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చునేది. పాపం, చెల్లెలి మీద బెంగ అనుకున్నాను.

ఒక గురువారం నన్ను పిలిచింది. "అరబా, సంతకెళ్ళి ఒక గొర్రెను పట్టుకురా. కొవ్వు పట్టింది చూడు. ఒంటిమీద ఎక్కడా నల్లమచ్చ ఉండకూడదు."

"దేనికి?"

"పండక్కి."

పండగ ఇంకా నెల రోజులుంది. అంత ముందుగా ఎందుకని అడగలేదు నేను. తెచ్చి పెరట్లో బొప్పాయి చెట్టుకు కట్టేశాను.

చిన్నమ్మమ్మకు దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. తల ఎగరేసి అందరినీ పురుగుల్లా చూస్తుందని దానికి గవర్నరు అని పేరు పెట్టింది. అంచు ఊడిన ఎనామిల్ బేసిన్లో కర్రపెండలం తొక్కలు వేసి, పొంగిన కాళ్ళతో పెరట్లోకి ఈడ్చుకుంటూ వెళ్ళి, దాని ముందు పెట్టేది.

"గవర్నరుగారూ, తమరు భోంచెయ్యాలి. ఈవేళ తొక్కలు లేతగా ఉన్నాయి."

గొర్రె మొహం తిప్పుకునేది.

"అబ్బో, ఫోర్కు లేదనా? అక్కనడిగి తెమ్మంటారా?"

మేడ మీద కిటికీలోంచి అమ్మమ్మ ఇదంతా చూసేది. ఒకసారి మాత్రం పైనుంచి అంది: "బాగా మేపు మాన్సా. ఎముకలు కనపడకూడదు."

ఇక్కడ మా కట్టుబాటు ఒకటి చెప్పాలి. మాలో ఒకరి మొదలు ఇంకొకరు బయటపెట్టకూడదు. ఏ ఇంట్లో ఎవరి ముత్తవ్వ కొన్న మనిషో, ఎవరిది ఆ ఇంటి రక్తమో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. కానీ నోటితో అనడానికి లేదు. కొన్నవాళ్ళు కూడా ఇంటిపేరు పెట్టుకుని, ఇంటివాళ్ళతోపాటే పెరిగి, ఇంటివాళ్ళే అయిపోతారు. ఎవరైనా నోరు జారితే తప్పు కట్టాలి. ఆ తప్పు మా తాతల నాటి నుంచీ మారలేదు: ఒక గొర్రె, రెండు సీసాల డచ్చి జిన్ను.

గవర్నరు వచ్చిన పది రోజులకు, ఆదివారం, చర్చి అయ్యాక అమ్మమ్మ ఇంటి పెద్దల్ని పిలిపించింది. మామయ్యతో కలిపి ఆరుగురు మగవాళ్ళు హాల్లో కూర్చున్నారు. రాసుకోవడానికి నన్ను పుస్తకం పట్టుకుని కూర్చోమన్నారు. చిన్నమ్మమ్మ పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని ఒక్కొక్కరికే అందిస్తోంది. నాలుగో గ్లాసు దగ్గర ఉండగా అమ్మమ్మ మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"సమాధి సంగతి వీధంతా గుసగుసలు పోతున్నారు. తేల్చేస్తే మంచిది. మాన్సా వాళ్ళ అమ్మమ్మని సలాగా సంతలో కొన్నారు. గవ్వలిచ్చి కొని తెచ్చారు. చెల్లెలని పిలిచినా అది మా రక్తం కాదు. బ్రేమర్ సమాధిలో బ్రేమర్లే పడుకోవాలి."

అందరికన్నా పెద్దాయన చేతికర్ర నేలకేసి ఒకసారి కొట్టాడు.

"అమ్మా," అన్నాడు మామయ్య, "ఆ మాట అనకూడదు."

"తెలుసు. అన్నాను. తప్పెంత?"

"నువ్వే ఇలా చేస్తే ఎలాగమ్మా?"

"తప్పెంతో చెప్పరా."

పెద్దాయనే చెప్పాడు. "గొర్రె. రెండు సీసాలు."

"గొర్రె పెరట్లో ఉంది," అంది అమ్మమ్మ. "సీసాలు బీరువాలో ఉన్నాయి. అరబా, ఇదిగో తాళం."

పళ్ళెం కింద పడిందనీ, గ్లాసులు పగిలాయనీ చెప్పాలని ఉంటుంది నాకు. అలాంటిదేమీ జరగలేదు. చిన్నమ్మమ్మ మిగిలిన రెండు గ్లాసులూ ఇద్దరికీ అందించింది. ఖాళీ పళ్ళెం పొట్టకు ఆనించుకుంది.

"గవర్నరు దీనికా," అంది.

అంతే. ఆ రోజు ఆవిడ మాట్లాడింది ఆ ఒక్క మాటే. నేను లేచి వెళ్ళి బీరువా తెరిచి సీసాలు తెచ్చాను. తేకుండా కూర్చుని ఉండొచ్చు. నన్ను వీపున మోసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. అయినా తాళం చేతికిస్తే తెరవడమే నాకు అలవాటు.

పెరట్లో గొర్రెను కోసి, కట్టుబాటు ప్రకారం దాని నెత్తురు చిన్నమ్మమ్మ పాదాల మీద పోశారు. మాట పడ్డవాళ్ళ మనసు దాంతో చల్లబడాలి. చల్లబడిందా అని పెద్దాయన అడిగితే తల ఊపింది. తర్వాత కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి, ఆ మాంసం పులుసు తనే వండింది. ఇంకెవరు వండుతారు? మా ఇంట్లో వేరే ఎవరికీ పొయ్యి ఎలా అంటించాలో కూడా తెలియదు.

అమ్మమ్మ ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తగ్గిందే మాన్సా."

చిన్నమ్మమ్మ ఉప్పు తెచ్చి పెట్టింది. నేనూ తిన్నాను. రుచిగానే ఉంది. అది కూడా దాచకూడదు కదా.

మర్నాడు చిన్నమ్మమ్మ రేకు పెట్టె సర్దుకుంది. మెట్ల మీద నుంచి అమ్మమ్మ అంది: "నిన్నెవరు పొమ్మన్నారే? తప్పు కట్టాను, అయిపోయింది. నీ వంటిల్లు నీదే."

"అవునక్కా, వంటిల్లు నాదే," అంది చిన్నమ్మమ్మ. బేసిన్ మాత్రం అడిగి తీసుకుంది.

ఊరి పక్క బంటోమాలో చేపలు పొగబెట్టే ఒకావిడ ఇంట్లో ఒక గది ఇచ్చారట. దగ్గే మనిషికి పొగ గది. నేను వెళ్ళి చూడలేదు. వెళ్తే ఏం మాట్లాడాలో తోచక వెళ్ళలేదు.

ఆ ఆదివారానికి పదకొండో రోజు పొద్దున అమ్మమ్మ కాఫీకి దిగి రాలేదు. పైకెళ్ళి చూస్తే మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. దగ్గు లేదు, రోగం లేదు. ఆ పదకొండు రోజులూ నోరు మూసుకుని ఉంటే సమాధి ఎలాగూ తనదే అయ్యేది. వీధిలో అమ్మమ్మ మీద పందెం కట్టినవాళ్ళు గెలిచారు.

శవాన్ని ఐసుగదికి పంపి, చావు పోస్టరు వేయించే పనిలో పడ్డాం. మా ఊళ్ళో పోస్టరు లేని చావు చావు కాదు. ఫోటో కింద కొడుకులు, కూతుళ్ళు, చెల్లెళ్ళు, మనవలు అందరి పేర్లూ వరసగా వెయ్యాలి. ప్రెస్సువాళ్ళు దిద్దడానికి పంపిన కాగితంలో "చెల్లెలు: ఎసీ మాన్సా బ్రేమర్" అని ఉంది. పాత అలవాటు కొద్దీ వాళ్ళే వేసేశారు.

"అది తీసెయ్యాలేమోనే," అన్నాడు మామయ్య నా వైపు చూడకుండా.

బడిలో పిల్లల తప్పులు దిద్దే ఎర్ర పెన్ను నా సంచిలోనే ఉంది. గీత కొట్టేశాను. కింద మనవరాళ్ళ వరసలో నా పేరు మొదట ఉంది. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

మంగళవారం పండగ జరిగింది. పూజారి మూడుసార్లు వల విసిరాడు, ఏరు తెరుచుకుంది, డప్పులు మోగాయి. అమ్మమ్మను శనివారం పూడ్చాలని పెట్టుకున్నాం. శుక్రవారం శవం ఇంటికి వస్తుంది. స్నానం చేయించి, తెల్ల లేసు బట్టలు తొడిగి, డచ్చి దొరసానుల్లా తలకు కుచ్చుల టోపీ కట్టి పడుకోబెట్టాలి. బ్రేమర్ ఆడవాళ్ళని అలాగే సాగనంపుతారు. ఆ టోపీ కట్టడం వచ్చిన చెయ్యి ఊళ్ళో ఒకటే ఉంది. బుధవారం మామయ్య నన్ను బంటోమా పంపించాడు.

చిన్నమ్మమ్మ చాప మీద గోడకు చేరబడి ఉంది. మనిషి సగమైంది. కాళ్ళు మాత్రం రెట్టింపయ్యాయి.

"టోపీ కట్టమని పిలవడానికి వచ్చావు," అంది నన్ను చూడగానే.

"మామయ్య నిన్ను రమ్మన్నాడు చిన్నమ్మమ్మా."

"కొన్న చెయ్యి కదే నాది. బ్రేమర్ తల ముట్టుకోవచ్చా?"

ఆవిడ దగ్గి, తుడుచుకుని, చాలా మామూలుగా అంది: "అక్క అబద్ధం చెప్పలేదు అరబా. సలాగా మాట నిజమే. కానీ సగమే చెప్పింది."

"మిగతా సగమేంటి?"

"అది చెప్పాలంటే గొర్రె ఉండాలి. నా దగ్గర గొర్రె లేదు."

గుమ్మం బయట చేపల పొగ కమ్ముకొస్తోంది. చిన్నపిల్లనేం కాను, మిగతా సగం ఎవరి గురించో నాకు అర్థమైంది. శనివారం లోపు ఆవిడ ఆ మాట పెద్దల ముందు అంటే, ఆ అరుగు మీద పడుకునే హక్కు అమ్మమ్మకూ ఉండదు. ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటు ఎవరికి దక్కాలో మళ్ళీ మొదట్నుంచీ తేల్చాలి. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. ఆవిడ పొంగిన పాదం పట్టుకున్నాను.

"నేను కొంటాను. రేపు సంత. తెచ్చి ఇక్కడ కట్టేస్తాను. నువ్వు పెద్దల్ని పిలిచి చెప్పు."

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"నల్లమచ్చ లేనిది చూడు," అంది. తర్వాత నా చెయ్యి తన పాదం మీద నుంచి తీసేసి, "కొనేముందు ఒక్కసారి ఆలోచించుకో. నువ్వు ఎవరి మనవరాలివో," అంది.

గురువారం సంతకు వెళ్ళాను. పోయినసారి అమ్మినవాడే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టాడు. "టీచరమ్మా, అప్పుడే ఇంకొకటా? మీ ఇంట్లో రోజూ పండగేనా?" అన్నాడు. ఒకదాన్ని చూశాను. మచ్చ లేదు, ఎముకలు కనపడటం లేదు. తాడు చేతిలోకి తీసుకున్నాను. అది నా వేళ్ళు నాకింది.

అప్పుడు ఆలోచించాను. మాలో రక్తం తల్లి వైపు నుంచే లెక్క. అమ్మమ్మ మొదలే అమ్మ మొదలు, అమ్మ మొదలే నా మొదలు. నేను కొన్న గొర్రె నా మొదలు బయటపెట్టడానికే పనికొస్తుంది. చర్చిలో ముందు బెంచీ గుర్తొచ్చింది. అద్దంలో నా ముక్కు గుర్తొచ్చింది. గోడల మీద అప్పటికే అంటించిన పోస్టర్లలో నా పేరు గుర్తొచ్చింది. భయం వేసింది. ఇంకే కారణమూ లేదు, భయం.

తాడు వాడి చేతికిచ్చేశాను. ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

శుక్రవారం అమ్మమ్మకు స్నానం చేయించి, టోపీ మేమే కట్టాం. ఎన్నిసార్లు కట్టినా ఒక పక్కకు ఒరిగిపోయింది. శనివారం బ్యాండు మేళంతో తీసుకెళ్ళి ఎడంవైపు కింది అరుగు మీద పెట్టాం. ఖాళీ ఉన్నది అదొక్కటే. సిమెంటు పోస్తున్నప్పుడు ఒక్క నిమిషం బ్యాండు ఆగింది. సముద్రం చప్పుడు నిజంగానే వినిపించింది.

చిన్నమ్మమ్మ మరో పన్నెండు రోజులు బతికింది. చేపలు పొగబెట్టే ఆవిడ కబురు పంపితే వెళ్ళాను. అప్పటికే చాప చుట్టేసి, శవానికి గుడ్డ కప్పేశారు. ఉప్పు మడుల పక్కన ఊరందరి శ్మశానం ఉంది కదా, అక్కడికే అన్నారు. నేను సరేనన్నాను.

"గొర్రె వస్తుందని చెబుతుండేది," అంది ఆవిడ. "ఏ గొర్రె అంటే, మా అరబా తెస్తుందనేది. ఆదివారం వచ్చింది, పోయింది, మళ్ళీ ఆదివారం వచ్చింది. లేవలేకపోయినా రోజూ నా చేత తొక్కలు తెప్పించుకుని మార్చేది. నిన్న సాయంత్రం కూడా."

తలుపు వెనక అంచు ఊడిన ఎనామిల్ బేసిన్ ఉంది. దాన్నిండా కర్రపెండలం తొక్కలు ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉన్నాయి.